పసుపు పెట్టిన యూనిఫాం

నిరుడు రిటైరైన దగ్గరనుంచి నాకు వచ్చే ఫోన్లలో సగం మా బడిలో కొత్తగా చేరిన టీచరమ్మలవే. "మేడమ్, బట్టల పళ్ళెంలో ఏమేం పెట్టాలి? తమలపాకులు ఎన్ని? వక్కలు కూడా పెట్టాలా?" అని అడుగుతారు. బి.ఎడ్.లో ఎవరూ చెప్పని పాఠం కదా, అడగాల్సిందే. కానీ ఒక్కరు కూడా "ఇది ఎందుకు మొదలైంది మేడమ్?" అని అడగరు. ఎప్పటినుంచో వస్తున్న ఆచారం అనుకుంటున్నారు. ఆచారమా నా బొందా! దాన్ని మొదలుపెట్టింది మేమే. అదీ మొదటిరోజే నిండు హాల్లో పరువు పోగొట్టుకుని మరీ. అందుకే కూర్చుని రాస్తున్నాను. ముందు ఇది చదవండి, వక్కల సంగతి తర్వాత చూద్దాం.

సూరత్‌లో నవాగామ్ పక్కన మాది తెలుగు మీడియం బడి. పిల్లలందరూ కరీంనగర్, సిరిసిల్ల, వరంగల్ వైపునుంచి వచ్చిన మగ్గాల కుటుంబాలవాళ్ళు. తండ్రులు పవర్‌లూమ్ కార్ఖానాల్లో పాళీకి పోతారు. పాళీ అంటే ఒక పూట డ్యూటీ. పొద్దున ఏడింటికి వెళ్ళినవాడు రాత్రి ఏడింటికి వస్తాడు, వారం తిరిగితే రాత్రి పాళీ. తల్లులు చీరలు మడతపెట్టే గోడౌన్లకు పోతారు. మా బడి ఒంటిపూట. మధ్యాహ్నం గంట కొట్టగానే పిల్లలు ఇళ్ళకు వెళ్ళి, తాళం తీసుకుని, అమ్మ వచ్చేదాకా ఒంటరిగా ఉంటారు. నేను అక్కడ తెలుగు చెప్పేదాన్ని. కోపం ముక్కు మీదే ఉంటుందని పేరు. పిల్లలు నాకు పెట్టిన మారుపేరు కూడా ఉంది, అది ఇక్కడ రాయను.

ఒకరోజు బడి విడిచే వేళకు గేటు దగ్గర ఒకామె చంకలో పిల్లాణ్ణి ఎత్తుకుని నిలబడి ఉంది. పిల్లలు బయటికి పోవడానికి దారి లేదు. "ఏమ్మా, గేటుకు అడ్డం నిలబడ్డవేంది, జర పక్కకు జరుగు!" అని అరిచాను. ఆమె ఇటు తిరిగింది. మా బడిలో చదివిన పిల్లే. తొమ్మిదో తరగతిలో పద్యం అప్పజెప్పమంటే పక్క క్లాసుకు కూడా వినబడేలా చదివేది. ఎండాకాలం సెలవులకు ఊరికి పోయి మళ్ళీ రాలేదు. పెళ్ళయిందని తర్వాత తెలిసింది.

"నన్ను గుర్తువట్టలేదా టీచర్?" అంది.

చేతులు పుల్లల్లా ఉన్నాయి. కళ్ళకింద నలుపు. "బాబు ఎవరే?" అని అడిగాను. అంతకంటే తెలివితక్కువ ప్రశ్న నా సర్వీసులో ఇంకొకటి అడిగి ఉండను.

"నా కొడుకే టీచర్. కాన్పుకు శాన తక్లీఫైంది. రగ్తం లేదన్నరు, ఎక్కిచ్చిండ్రు. డాక్టరమ్మ మా అత్తను మస్తు తిట్టింది, పోరి ఇంకా పసిదే గదా, గప్పుడే కాన్పేందని." పిల్లాడి మూతి తుడిచి, నా వైపు ఒక అడుగు వేసింది. "నాదైతే అయిపాయె టీచర్. నా చెల్లె మీ తొమ్మిదో తరగతిలనే ఉంది గదా. దాన్ని మా మేనమామ కొడుక్కు ఇయ్యాలని ఇంట్ల అనుకుంటున్నరు. దాన్ని జర సూడుండ్రి."

చూస్తానని చెప్పాను. ఏం చూస్తానో, ఎలా చూస్తానో నాకే తెలియదు.  మా చేతుల్లో చదువుకున్న పిల్ల పదహారేళ్ళకే తల్లై, చావు దాకా వెళ్ళొచ్చింది. అప్పుడు మేం ఏం చేస్తున్నాం? హాజరు పట్టీలో ఆమె పేరు కొట్టేసి, తర్వాతి పాఠం మొదలుపెట్టాం.

ఆ చెల్లెలి సంగతి చెబుతాను. పద్నాలుగేళ్ళది. అక్క నెమ్మది, ఇది గాలిదుమారం. ఒక్క వాక్యంలో తెలుగు, హిందీ, గుజరాతీ మూడూ కలిపేది. నేను తిడితే తల దించుకునే రకం కాదు. "టీచర్, పహెలే నా మాట వినుండ్రి, బాద్‌ల తిట్టుండ్రి" అనేది. తిట్టబోయి నవ్వేసిన సందర్భాలు చాలా ఉన్నాయి.

సరిగ్గా అదే ఏడు హైస్కూలు టీచర్లను పిల్లలకు మార్గదర్శులుగా పెట్టాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఎదిగే వయసు, చిన్న వయసు పెళ్ళి, చిన్న వయసులో గర్భం, వీటి గురించి పిల్లలతో దాపరికం లేకుండా మాట్లాడాలి. మా బడినుంచి ముగ్గురం శిక్షణకు వెళ్ళాం: హెడ్మాస్టరు, సైన్స్ టీచరు, నేను. హెడ్మాస్టరు మంచివాడే, కానీ భయస్థుడు. గర్భం అనే మాట వినగానే జేబురుమాలు తీసి మెడ తుడుచుకునేవాడు. స్టాఫ్‌రూమ్‌లో కూడా "ఆ విషయం" అనేవాడు తప్ప పేరు పలికేవాడు కాదు. సైన్స్ టీచరు సూరత్‌లోనే పుట్టి పెరిగింది, నాకంటే చాలా చిన్నది, దేనికైనా నవ్వేస్తుంది. మగపిల్లలు హెడ్మాస్టరుకు, ఆడపిల్లలు మా ఇద్దరికీ వచ్చారు.

బడి విడిచాక పెట్టిన మొదటి సమావేశం ఎంత అందంగా జరిగిందంటే, సైన్స్ టీచరు గోడకు పటం తగిలించి చెబుతుంటే ఆడపిల్లలు అందరూ నేలమీద బండలు చూస్తూ కూర్చున్నారు. ప్రశ్నలు అడగండి అంటే ఒక్క గొంతూ లేవలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. "మీ కోసమే గదా ఇంత చెప్తున్నది! నోట్ల ఏం పెట్టుకున్నరు?" అని గట్టిగా కేకేశాను. అప్పుడు మన గాలిదుమారం లేచింది. "టీచర్, ఇంటికి పోవాలె. టిక్కీల పని ఉంది. శామ్‌కు మాల్ ఇయ్యాలె."

టిక్కీలంటే చీరలకు జిగురుతో అంటించే మెరుపు రాళ్ళు. తల్లులు గోడౌన్లనుంచి చీరలు ఇంటికి తెస్తారు, ఆడపిల్లలు మధ్యాహ్నాలు కూర్చుని అంటిస్తారు. "అయితే ఆ పని గూడ ఈడికే తెచ్చుకోరాదుండ్రి!" అని విసురుగా అన్నాను. నేను అన్నది వెటకారం. మరునాడు గంట కొట్టగానే చూస్తే, ఒక్కొక్కతీ ఒక చీరల మూట, జిగురు డబ్బా పట్టుకుని క్లాసులో బాసింపట్టు వేసుకుని కూర్చుంది!

తిడదామని నోరు తెరిచాను. సైన్స్ టీచరు నా కొంగు లాగింది. ఇద్దరం నేలమీద కూర్చున్నాం. నేనూ ఒక చీర కొస అందుకుని రాళ్ళు అంటించడం మొదలుపెట్టాను. వంకరటింకరగా పోతుంటే పిల్లలు కిచకిచ నవ్వుతూ పీకేసి మళ్ళీ అంటించారు. చేతులు పనిలో పడి, చూపులు చీరమీద ఉండేసరికి నోళ్ళు తెరుచుకున్నాయి. ముఖంలోకి చూడాల్సిన పని లేకపోతే ఏదైనా అడగొచ్చు కాబోలు. నెలసరి గురించి అడిగారు, ఫోన్లో మెసేజీలు పెట్టే కుర్రాళ్ళ గురించి అడిగారు, వద్దని ఎలా చెప్పాలో అడిగారు. పద్దెనిమిదికి ముందు కాన్పైతే ఏమవుతుందని అడిగినప్పుడు సైన్స్ టీచరు పటం జోలికి పోలేదు. "రేపు చెప్పిస్తాను" అంది.

మరునాడు అక్క వచ్చింది, చంకలో కొడుకుతో. ఆమె కూడా ఒక చీర ముందేసుకుని, రాళ్ళు అంటిస్తూనే తనకు జరిగిందంతా చెప్పింది. ఏడవలేదు. ఎవరినీ నిందించలేదు. నొప్పులు వచ్చినప్పుడు తనకు అమ్మ కంటే బడి ఎక్కువ గుర్తొచ్చిందని చెప్పింది. పిల్లలందరి చేతులూ ఆగిపోయాయి. ఆమె కొడుకు ఒక్కడే చీరమీద పాకుతూ రాళ్ళు పీకుతున్నాడు.

చెల్లెలు వాడి పిడికిలి విప్పి రాళ్ళు తీసుకుంది. తర్వాత నా వైపు తిరిగి, "ఇదంత నాకెందుకు జెప్తున్నరు టీచర్? నాకు ఎర్కే. మా అమ్మకు జెప్పుండ్రి. ఖాయం జేసేది నేను గాదు గదా" అంది.

నిజమే కదా! శిక్షణలో ఇంత చిన్న మాట మాకెవరూ చెప్పలేదు.

తల్లికి సెలవు ఉన్న రోజు చూసుకుని వాళ్ళ ఇంటికి వెళ్ళాను. ఒక్క గది. రాత్రి పాళీ చేసి వచ్చిన తండ్రి మూలన పడుకుని ఉన్నాడు. తల్లి చాయ్ పెట్టింది. నేను నా ధోరణిలో చట్టం, పద్దెనిమిదేళ్ళు, ఆరోగ్యం అంటూ ఏకబిగిన చెప్పాను. ఆమె అంతా విని, గ్లాసు నా ముందు పెట్టింది.

"నాకు మాత్రం మంచిగనిపిస్తదా టీచర్? పెద్దదాన్ని కండ్లార సూస్తనే ఉన్న. కానీ నేను ఏడింటికొస్త. ఆయనకు పగటి పాళీ ఉంటే ఇంట్ల ఎవ్వలుండరు. ఈ సందుల చుట్టు అన్ని మొగోళ్ల రూములే. దానికి ఏమన్న అయితే? అయ్యేదాకెందుకు, ఎవలన్న ఏమన్న అంటే దాని బతుకేం గాను? పెండ్లయితే కనీసం ఒక ఇంట్ల ఉంటది. మీ చట్టం నా బిడ్డను మధ్యాహ్నం కెల్లి పొద్దుగూకేదాక కావలి గాస్తదా?"

నా నోరు మూతపడింది. నాకు అలా జరగడం చాలా అరుదు.

"మా తమ్ముడు జోల్వా కెల్లి ఫంక్షన్‌కు వస్తుండు," అని మళ్ళీ ఆమే అంది. జోల్వా సూరత్ దగ్గరే ఇంకో మగ్గాల ఊరు. పిల్ల పెద్దమనిషి అయినప్పుడు ఇంట్లో నలుగురితో సరిపెట్టారట. పెద్ద ఫంక్షన్ పరీక్షలయ్యాక చేద్దామని ఆపారు. "వాడు రెండు చీరలు దెస్తుండు. ఒకటి మేనమామగ పెడ్తడు. రెండోది వియ్యంకునిగ పెడ్తడు. గా రెండోది కట్టుకుని పిల్ల పీటమీద కూసుంటే ఖాయమైనట్టే. సెలవులల్ల ఊర్ల లగ్గం. పదిమందిల పెట్టిన బట్ట కట్టుకోకపోతే పెట్టినోని ఇజ్జత్ ఉంటదా టీచర్?"

మరునాడు స్టాఫ్‌రూమ్‌లో ఇదంతా చెప్పాను. మీరు ఇప్పుడు అడగబోయేది నాకు తెలుసు, హెల్ప్‌లైన్‌కు ఒక ఫోన్ చేస్తే అయిపోయేది కదా అని. చేయండి. అవసరమైన చోట ఒక్క నిమిషం కూడా ఆగకండి. పిల్లల రక్షణ చూసే అధికారికి మేమూ ముందే విషయం చెప్పి ఉంచాం, "అవసరమైతే వెంటనే పిలవండి, వస్తాను" అన్నారు. కానీ లగ్గం ఒకసారి ఆపిస్తే ఆ తల్లి అడిగిన ప్రశ్నకు జవాబు దొరుకుతుందా? మధ్యాహ్నాలు అలాగే ఉంటాయి, భయం అలాగే ఉంటుంది, ఆర్నెల్లకు ఇంకో ముహూర్తం పుడుతుంది.

"బడిలో ఒక గది సాయంత్రం దాకా తెరిచి ఉంచుదాం సార్" అన్నాను హెడ్మాస్టరుతో.

"పర్మిషన్ కావాలమ్మా. తాళం ఎవరి బాధ్యత? ఏదన్నా జరిగితే నా మెడకు చుట్టుకుంటుంది" అంటూ జేబురుమాలు తీశాడు. బతిమాలాను, అరిచాను. "చూద్దాం, చూద్దాం" అన్నాడే తప్ప సరే అనలేదు.

సైన్స్ టీచరు మాత్రం కిటికీ దగ్గర నిలబడి పకపకా నవ్వింది. "మేడమ్, పదిమందిల పెట్టిన బట్ట కట్టుకోవాల్సిందే అంది కదా? అయితే మనమూ పెడదాం! పదో తరగతి యూనిఫాం పెడదాం. కట్టుకోకపోతే మన ఇజ్జత్ పోదా?"

మొదట కొట్టిపారేశాను. మధ్యాహ్నానికి ఆ ఆలోచన నన్ను వదలడం లేదు. సాయంత్రానికి ఇద్దరం దర్జీ దగ్గర ఉన్నాం.

పరీక్షలు అయిపోయాక వచ్చిన ఆదివారం ఫంక్షన్. వాడీలో చేశారు, అంటే కులంవాళ్ళు పెళ్ళిళ్ళకు అద్దెకు తీసుకునే హాలు. ఊరంతా అక్కడే ఉంది. ఒక పక్క బగారా అన్నం, మటన్ గుమగుమలు. మేం ముగ్గురం ఇస్త్రీ బట్టల్లో, చేతుల్లో పెద్ద ఇత్తడి పళ్ళెంతో వెళ్ళాం. హెడ్మాస్టరు "నేను వెనక ఉంటాను" అని ముందే చెప్పాడు. పళ్ళెంలో కొబ్బరికాయ, అరటిపళ్ళు, తమలపాకులు, పైన గుడ్డ కప్పిన యూనిఫాం. అన్నీ రెండుసార్లు సరిచూసుకున్నాం.

పిల్ల మేనమామ పెట్టిన మొదటి చీర కట్టుకుని పీటమీద కూర్చుంది. ఎర్ర పట్టుచీర. ఆ గాలిదుమారమేనా ఇది అనిపించింది, అంత బుద్ధిగా కూర్చుంది. హారతి ఇచ్చారు. మామ లేచి రెండో చీర పళ్ళెం తెప్పించాడు. అప్పుడు సైన్స్ టీచరు నన్ను మోచేత్తో పొడిచింది. గబగబా నడిచి వెళ్ళి, "మా బడి తరఫున మా బిడ్డకు బట్టలు పెడుతున్నం" అని గట్టిగా చెప్పి గుడ్డ తీశాను.

హాలంతా ఒక్కసారి "అయ్యో!" అంది.

పైన తెల్ల చున్నీ. దానికింద తెల్ల సల్వారు. ఎక్కడో అడుగున కనబడీ కనబడకుండా నీలం కుర్తా. శుభకార్యంలో, పీటమీద కూర్చున్న పిల్లకు, తెల్లబట్ట! ఏళ్ళ తరబడి ఆ యూనిఫాం రోజూ చూస్తున్నాం, అది తెల్లబట్ట అని మా ముగ్గురిలో ఒక్కరికీ తోచలేదు. తోచి ఉంటే నేల చీలి మింగేయమని అక్కడ నిలబడేదాన్నా?

ఫంక్షన్ కోసం ఊరినుంచి వచ్చిన పిల్ల నాయనమ్మ నెత్తి కొట్టుకుంది. "పచ్చగ ఉండాలని పిల్లను కూసోబెడితే తెల్లబట్ట తెస్తరా! సదువుకున్నోళ్లేనా మీరు? తియ్యుండ్రి, తియ్యుండ్రి గాడికెల్లి!" నలుగురు ఆడవాళ్ళు పళ్ళెం లాగేయడానికి ముందుకు వచ్చారు. మామ ముఖం వెలిగిపోయింది. సైన్స్ టీచరు జీవితంలో మొదటిసారి నవ్వడం మర్చిపోయింది. నాకు మాట రాలేదు, పళ్ళెం మాత్రం వదల్లేదు.

అప్పుడు అక్క లేచింది. కొడుకును పక్కనున్నామె ఒళ్ళో పడేసి, నలుగు పెట్టిన పసుపు గిన్నె అందుకుని వచ్చింది. వేళ్ళతో ఇంత పసుపు తీసి చున్నీ కొసకు పూసింది. సల్వారుకు పూసింది. కుర్తా బయటికి లాగి మెడ దగ్గర పూసింది.  కొత్తబట్ట ఏదైనా సరే, పసుపు పెట్టాక శుభమే కదా మన ఇళ్ళలో!

నాయనమ్మ అరుపు మధ్యలో ఆపి, వంగి చూసింది. "ఏందే, రెండు కొసలకే పెట్టినవ్? నాలుగు కొసలకు వెట్టాలె. ఇయ్యి ఇటు" అని గిన్నె లాక్కుని మిగిలినవి తనే పెట్టింది! ఆ ముసలామె పసుపు పెట్టిన బట్టను ఇక ఎవరు కాదనగలరు? పళ్ళెం పిల్ల ఒళ్ళోకి చేరింది. దాని పక్కనే మామ పళ్ళెం. రెండూ పట్టుకుని పిల్ల బట్ట మార్చుకోవడానికి లోపలికి వెళ్ళింది.

తలుపు మూసుకుంది. హాల్లో గుసగుసలు.  మేం ఆ పిల్లకు ముందుగా ఒక్క మాట కూడా చెప్పలేదు. ఏది కట్టుకుని వస్తుందో మాకు నిజంగా తెలియదు.

తలుపు తెరుచుకుంది. తలలో మల్లెపూల జడ, చేతినిండా గాజులు, కాళ్ళకు పారాణి, ఒంటిమీద పసుపు మరకల యూనిఫాం. చున్నీ రెండు భుజాలమీదా బడిలోలాగే పిన్నులు పెట్టుకుంది. వచ్చి దర్జాగా పీటమీద కూర్చుంది. వెనక వరసలో ఉన్న మా బడి ఆడపిల్లలు ఈలలు వేసినంత పని చేశారు. 

"అక్కా, ఏంది గిది? నా చీరేది?" అని మామ గర్జించాడు.

జవాబు పిల్లే చెప్పింది. "మామా, నీ చీర కట్టుకున్న గదా, హారతి తీసుకున్న గదా! గా రెండోది పైలంగ లోపల పెట్టిన. బారవీ, గదే పన్నెండో క్లాస్, పాసైనంక సూద్దాం. అప్పటికి గా డిజైన్ నాకు నచ్చుతదో లేదో."

హాలు ఘొల్లుమంది. మామ నా మీదికి తిరిగాడు. "బడి పంతులమ్మకు మా ఇంటి ముచ్చట్ల ఏం పని?"

పోయిన గొంతు అప్పుడు తిరిగొచ్చింది నాకు. "తమ్మీ, పద్నాలుగేండ్ల పోరి అది. ఇయాల నేను బట్టలు వట్టుకొచ్చిన. రేపు చట్టాన్ని వట్టుకొచ్చేటట్టు చెయ్యకు."

నవ్వులు ఆగిపోయాయి. తల్లి ముందుకు వచ్చింది. తమ్ముడి వైపు చూడలేదు, నా వైపే చూసింది. "బట్టలైతే పెట్టిండ్రు టీచర్. నా బిడ్డ మధ్యాహ్నం కెల్లి యాడుండాలె? గది చెప్పుండ్రి ముందుగాల."

అదే ప్రశ్న. వాళ్ళింట్లో నా నోరు మూయించిన ప్రశ్న, ఇప్పుడు పదిమందిలో. 

"బడిలో ఉంటది!"

ఎవరా అని అందరూ వెనక్కి తిరిగారు. మా హెడ్మాస్టరు. కుర్చీల మధ్యనుంచి లేచి నిలబడ్డాడు. చేతిలో జేబురుమాలు ఉండలా నలిగిపోయింది. "మీరు పని దిగి వచ్చేదాక గది తెరిచే ఉంటది. నేనే ఉంటా. చిన్న వయసులో గర్భం..." ఆ మాట దగ్గర ఒక్క క్షణం ఆగి, మింగకుండా పూర్తిచేశాడు, "గర్భం వస్తే తల్లి పానానికే మోసం. మీ పెద్దబిడ్డను చూసిన. రెండో బిడ్డకు అట్ల కానియ్యను. మీ ఒక్కరి బిడ్డే కాదు, ఎవరు పంపితే వాళ్ళను చూసుకుంటం."

"మా పోరిని గూడ పంపుత సారు!" అని ఒకామె లేచింది. "మా ఇద్దరిని గూడ!" అని ఇంకొకామె. ఆ మూలనుంచి ఒకరు, ఈ మూలనుంచి ఒకరు. హెడ్మాస్టరు ముఖంలో ధైర్యం పోయి, ఇంతమందిని ఎక్కడ కూర్చోబెట్టాలా అనే దిగులు మొదలైంది.

తల్లి తమ్ముడి దగ్గరికి వెళ్ళి అతని చేయి పట్టుకుంది. "ఇప్పుడు లగ్గం లేదు తమ్మీ. కోపం వెట్టుకోకు. బువ్వ తిను."

మామ విసురుగా కొడుకు కోసం చూశాడు. పెళ్ళికొడుకు కావాల్సినవాడు అప్పటికే బంతిలో కూర్చుని మటన్ రెండోసారి వేయించుకుంటున్నాడు. అతని ముఖంలో బాధ నాకైతే ఎక్కడా కనబడలేదు. మామ కాసేపు నిలబడి, చివరికి కొడుకు పక్కనే కూర్చున్నాడు.

ఆ వారంలోనే పక్క సందునుంచి ఒకామె స్టాఫ్‌రూమ్‌కు కొట్లాటకు వచ్చింది. "వాళ్ల పోరికైతే బట్టలు పెట్టిండ్రంట, మా పోరి ఏం పాపం జేసింది? బుధవారం ఫంక్షన్, మీరు రాకపోతే ఊకునేది లేదు!" అలా మొదలైందమ్మా మీ ఆచారం. యూనిఫాం అదే తెలుపు, కానీ పసుపు మాత్రం ముందే పెట్టుకుని పోవడం నేర్చుకున్నాం.

ఇక్కడితో గెలిచామని నేను అనుకోలేదు. ఎండాకాలం సెలవులకు ఆ కుటుంబం ఎప్పటిలాగే ఊరికి పోయింది. అక్కను ఇలాంటి సెలవుల్లోనే పోగొట్టుకున్నాం. సెలవులకు మామ కూడా ఊరికే పోతాడు, అక్కడ ఇంకా పెద్దలు ఉంటారు, ఎవరి మనసు ఎటు తిరుగుతుందో! జూన్‌లో బడి తెరిచిన రోజు ఆ పిల్ల రాలేదు. మరునాడూ రాలేదు. తల్లి ఫోన్ కలవదు. "రైళ్ళు కిటకిటలాడుతున్నాయి మేడమ్, వస్తుంది" అని సైన్స్ టీచరు అంటే ఆమె మీద అరిచాను. హెడ్మాస్టరు మీద అరిచాను. ఆ అధికారి నంబరు తీసి చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

ఆ తర్వాతి రోజు ప్రార్థన మొదలవుతుండగా గేటు చప్పుడైంది. పరుగెత్తుకుంటూ వచ్చింది గాలిదుమారం. ఒంటిమీద అదే యూనిఫాం, ఉతికినా పోని పసుపు మరకలతో.

"రైల్ల సీటు దొరకలే టీచర్! పహెలే వినుండ్రి, బాద్‌ల తిట్టుండ్రి!"

తిట్టలేదు. వరసలోకి తోసి, ముఖం అటు తిప్పుకున్నాను. అందరిముందూ ఏడిస్తే నా పేరు ఏమైపోను?

ప్రార్థన అయిపోయినా గేటు దగ్గర అక్క అలాగే నిలబడి ఉంది, కొడుకు వేలు పట్టుకుని. వాడు ఇప్పుడు నడుస్తున్నాడు. దగ్గరికి వెళ్ళాను. "తెచ్చి అప్పజెప్పిన టీచర్" అంది. నవ్వుతోంది. ఇక వెళుతుందనుకుంటే కదల్లేదు. చెప్పు కొనతో మట్టి గీస్తూ, "టీచర్, నా ఫంక్షన్‌ల నాకు ఎవ్వలు పెట్టలే" అంది.

వంగి పిల్లాణ్ణి ఎత్తుకున్నాను.

"ఇప్పుడు పెడ్తరా? పెండ్లైనోళ్లకు పెట్టొద్దని ఏమన్న ఉన్నదా?"

మీ ఆయనను అడిగావా అన్నాను. అడిగిందట. పరీక్ష రాసుకో, సాయంత్రాలు పిల్లాణ్ణి నేను చూస్తానన్నాడట. ఆమె తొమ్మిదో తరగతిలోనే ఆగిపోయింది. బయటినుంచి పదో తరగతి పరీక్షకు కూర్చోవచ్చు, మధ్యాహ్నం గది ఎలాగూ తెరిచి ఉంటుంది.

"ఉన్నదో లేదో నాకు తెల్వదు బిడ్డా," అన్నాను. "పెట్టేది మేము, కట్టుకునేది నువ్వు. కొలతలు చెప్పు."

పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు ఆ గదిలో ఇద్దరి పేర్లూ హెడ్మాస్టరే చదివాడు, జేబురుమాలు తీయకుండా. అక్కాచెల్లెళ్ళు ఇద్దరూ పాసయ్యారు. చెల్లెలు ఇప్పుడు నర్సింగ్ చదువుతోంది. పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే కోర్సు అయిపోనియ్యమంటుంది. అక్కకు ఆ తర్వాత ఒక కూతురు పుట్టింది. డాక్టరు చెప్పిన వయసు వచ్చాకే, ఒంట్లో రక్తం నిండాకే పుట్టింది. తల్లీబిడ్డా బాగున్నారు.

అన్నట్టు, పదో తరగతిలో మార్కులు అక్కకే ఎక్కువ వచ్చాయి. చెల్లెలు ఈ రోజుకీ ఒప్పుకోదు.